తాతల నాటి ఆచారం, నిన్నటి కల్పన: బ్రిటిష్ జానపద భయానక చిత్రాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు చలనచిత్ర పరిభాషలో ‘జానపద చిత్రం’ అన్న మాటకు స్థిరపడిన అర్థం ఉంది. రాజకుమారి, సాహసవంతుడైన యువకుడు, మాంత్రికుడు, మాయలు, చివరకు మంచివాని గెలుపు ఆ చిత్రాల సామగ్రి. 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘పాతాళభైరవి’ ఈ కోవలో సుప్రసిద్ధం. అందులోనూ నరబలి ప్రస్తావన ఉంది. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ని దేవికి బలి ఇవ్వజూస్తాడు. గుట్టు తెలిసిన రాముడు ఆ మాంత్రికుణ్నే బలి ఇస్తాడు. బలి కోరేవాడు అక్కడ ఒంటరి దుష్టుడు. సామాన్య జనం నాయకుని పక్షాన ఉంటారు.

బ్రిటన్‌లో ‘ఫోక్ హారర్’ అన్న పేరుతో ప్రసిద్ధమైన చిత్రాలలో ఈ అమరిక తారుమారవుతుంది. అక్కడ బలి కోరేది జనపదమే. పాఠశాల ఉపాధ్యాయిని, దుకాణం నడిపే తల్లి, పూటకూళ్ల ఇంటి యజమాని, భూస్వామి, పిల్లలు అందరూ ఒక్క మాట మీద ఉంటారు. బయటి నుంచి వచ్చిన ఒక్కడే ఆ మాట తెలియనివాడు. ఈ చిత్రాలను ‘జానపద భయానకం’ అని వ్యవహరించేటప్పుడు ‘జానపద’ శబ్దానికి గల ఈ అర్థభేదాన్ని గుర్తుంచుకోవాలి.

ఇవి ఎక్కువగా చిన్న సంస్థలు తక్కువ పెట్టుబడితో తీసినవి. విడుదలైనప్పుడు కొన్ని నిరాదరణకు గురైనా, అర్ధశతాబ్దం తరువాత కూడా ప్రేక్షకులను, దర్శకులను, పరిశోధకులను ఆకర్షిస్తున్నాయి. ఈ ఆకర్షణకు సాధారణంగా చెప్పే కారణం ప్రాచీనత: క్రైస్తవానికి పూర్వపు నమ్మకాలు ఆధునిక జీవనం అడుగున ఇంకా బతికి ఉన్నాయన్న ఊహ. ఈ కారణం పాక్షికమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ చిత్రాలలో ప్రాచీనంగా కనిపించే దానిలో పెద్ద భాగం 19వ శతాబ్ది చివరి నుంచి 20వ శతాబ్ది మధ్య వరకు వెలువడిన విద్వద్గ్రంథాలలో రూపుదిద్దుకున్నది. వీటిలో ఉత్తమమైన చిత్రాలకు ఆ సంగతి తెలుసు. ఒక ఆచారాన్ని తరతరాలదిగా ప్రకటించగల అధికారం, ఆ ప్రకటనకు ఊరంతా తల ఊపడం, ఈ రెండే అక్కడి భయానికి మూలం.

పేరు వెనుక చరిత్ర

ఈ చిత్రాలు ఒక ఉద్యమంగా పుట్టినవి కావు. ఆ పేరు వాటికి చాలా కాలం తరువాత స్థిరపడింది. దర్శకుడు పియర్స్ హాగర్డ్ 2003లో ఒక ముఖాముఖిలో తన 1971 నాటి చిత్రాన్ని గురించి చెబుతూ ఈ పదాన్ని వాడాడు. 2010లో నటుడు, రచయిత మార్క్ గేటిస్ బీబీసీ కోసం సమర్పించిన భయానక చిత్రాల చరిత్ర ద్వారా అది విస్తృత ప్రచారం పొందింది. గేటిస్ మూడు చిత్రాలను ఒక్కచోట చేర్చాడు: మైకేల్ రీవ్స్ ‘విచ్‌ఫైండర్ జనరల్’ (1968), హాగర్డ్ ‘ద బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా’ (1971), రాబిన్ హార్డీ ‘ద వికర్ మ్యాన్’ (1973). ఆ తరువాత 2017లో ఆడమ్ స్కోవెల్ ఈ ప్రక్రియపై ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. భూదృశ్యం, ఏకాంతం, వక్రించిన విశ్వాసం, వాటి ఫలితంగా జరిగే ఘోర సంఘటన అన్న నాలుగు కొలికుల గొలుసుగా ఆయన ఈ కథల నిర్మాణాన్ని వివరించాడు. 2021లో కియర్-లా జనీస్ తీసిన మూడు గంటలకు పైబడిన డాక్యుమెంటరీ ఈ పరిధిని ఇతర దేశాలకూ విస్తరించింది.

విడివిడిగా పుట్టిన కృతులను తరువాతి తరం ఒక పేరు కింద చేర్చి, వాటికి ఉమ్మడి పూర్వచరిత్రను సమకూర్చింది. సంప్రదాయాలు ఏర్పడే తీరుకు ఈ ప్రక్రియ చరిత్ర ఒక చిన్న నమూనా.

స్వతంత్ర నిర్మాణం, ఆరుబయటి పొలం

1960ల బ్రిటిష్ భయానక చిత్రరంగంలో హామర్ సంస్థది పెద్ద పీట. దాని కథలు ఎక్కువగా మధ్య ఐరోపా కోటలలో, ప్రభువుల సౌధాలలో జరిగేవి. వాటిని స్టూడియోలోని సెట్టింగులలో తీసేవారు. భయం పరదేశం నుంచి, చీకటి నుంచి, కులీన వంశాల నుంచి వచ్చేది. టోనీ టెన్సర్ 1966లో స్థాపించిన టైగాన్ సంస్థ ఇందుకు భిన్నమైన దారి తొక్కింది. అది తీసిన ‘విచ్‌ఫైండర్ జనరల్’, ‘ద బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా’ ఇంగ్లండు పల్లెసీమలోనే చిత్రీకరణ పొందాయి. పరిమిత వనరులకు ఆరుబయటి చిత్రీకరణ అనుకూలం. ఆ అవసరమే శైలిగా మారి, ఇంగ్లీషు ప్రేక్షకునికి చిరపరిచితమైన పొలం గట్టు, చెట్ల తోపు, చర్చి ఆవరణ భయస్థానాలయ్యాయి.

‘విచ్‌ఫైండర్ జనరల్’ కథాకాలం 1645, అంతర్యుద్ధ కాలం. మాథ్యూ హాప్కిన్స్ చారిత్రక వ్యక్తి. తూర్పు ఇంగ్లండులో ఊరూరా తిరిగి మంత్రగత్తెలను పట్టి ఇచ్చి, అందుకు రుసుము పుచ్చుకున్నవాడు. చిత్రంలో దయ్యం లేదు, మంత్రం లేదు. పొరుగువారి ఫిర్యాదు, అధికారి లాభం, గుమిగూడి చూసే జనం మాత్రమే ఉన్నారు. లావెన్‌హమ్ ఊరి నడిబొడ్డున ఒక స్త్రీని మంటలలోకి దించే దృశ్యం ఇందులో పతాకస్థాయి. అయితే ఇంగ్లండులో మంత్రవిద్యకు సాధారణ శిక్ష ఉరి. సజీవదహనం ఐరోపా ప్రధాన భూభాగంలో, స్కాట్లండులో ఉన్న పద్ధతికి దగ్గర. చిత్రం చరిత్ర కన్నా జనస్మృతిలో ఉన్న చరిత్రను ఎంచుకుంది. రీవ్స్ 1969 ఫిబ్రవరిలో, 25 ఏళ్ల ప్రాయంలో మరణించాడు.

‘ద బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా’ నాగలి చాలుతో మొదలవుతుంది. రాల్ఫ్ అనే యువరైతు దున్నుతుండగా బొచ్చు అంటిన వికృతమైన పుర్రె బయటపడుతుంది. నాటి నుంచి ఊరి పిల్లల శరీరాలపై బొచ్చు చర్మం మొలుస్తుంది. ఏంజెల్ బ్లేక్ అనే అమ్మాయి నాయకత్వంలో వారు శిథిలమైన చర్చిలో పూజలకు, హత్యలకు పూనుకుంటారు. కథారచయిత రాబర్ట్ విన్-సిమన్స్ దీని వెనుక సమకాలిక ఘటనలు ఉన్నాయని చెప్పాడు: 1969లో అమెరికాలో మాన్సన్ బృందం చేసిన హత్యలు, ఇంగ్లండులో మేరీ బెల్ అనే బాలిక ఉదంతం. నేల లోతుల నుంచి లేచిన పాతకాలపు భయంగా తెరపై కనిపించేది నాటి వార్తాపత్రికల మొదటి పుటల నుంచి వచ్చిందన్నమాట.

గ్రంథాలయం నుంచి గ్రామానికి

ఈ చిత్రాలకూ, టెలివిజన్ నాటకాలకూ కావలసిన ‘ప్రాచీన మతం’ ఎక్కడి నుంచి వచ్చింది? ముఖ్యంగా రెండు గ్రంథాలను పేర్కొనాలి. మొదటిది జేమ్స్ జార్జ్ ఫ్రేజర్ రచించిన ‘ద గోల్డెన్ బౌ’. 1890లో రెండు సంపుటాలుగా వెలువడి, 1906-15 మధ్య మూడవ ముద్రణలో 12 సంపుటాలకు పెరిగి, 1922లో సంక్షిప్తంగా సామాన్య పాఠకులకు చేరింది. పంట చావు బతుకులకు ప్రతీక అయిన దేవుడు లేదా రాజు ఏటా మరణించి మళ్లీ పుడతాడని, ఆ మరణాన్ని మనిషి బలి రూపంలో అనుష్ఠించేవారని ఫ్రేజర్ వాదం. రెండవది మార్గరెట్ మరే 1921లో వెలువరించిన గ్రంథం. 1863లో కలకత్తాలో పుట్టిన మరే వృత్తిరీత్యా ఈజిప్టు పురావస్తు పరిశోధకురాలు. మంత్రగత్తెలుగా శిక్షకు గురైనవారు క్రైస్తవానికి పూర్వపు వ్యవస్థీకృత మతానికి చెందినవారని ఆమె సిద్ధాంతీకరించింది. 1929లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో చేరిన ఆమె వ్యాసం దశాబ్దాలపాటు కొనసాగడంతో, ఈ సిద్ధాంతం రుజువైన సత్యంగా చలామణి అయింది. 1951లో మంత్రవిద్య నిషేధ చట్టం రద్దయ్యాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ ఆ పాత మతం ఇంకా బతికే ఉందని ప్రకటిస్తూ పుస్తకం రాశాడు. దానికి పీఠిక మరేదే.

తరువాతి చరిత్రకారులు ఈ భవనాన్ని పునాదులతో సహా పరిశీలించారు. హింసించి రాబట్టిన వాంగ్మూలాలలోంచి తన వాదానికి అనుకూలమైన వాక్యాలను మాత్రమే మరే ఏరుకున్నట్లు తేలింది. ఆధునిక అన్యమతారాధన 20వ శతాబ్దిలో రూపొందిన తీరును రానల్డ్ హటన్ 1999లో సవివరంగా నిరూపించాడు. 1968-73 మధ్య చిత్రరచయితల చేతికి అందినవి మాత్రం ఫ్రేజర్, మరేల పుస్తకాలే. బీబీసీ 1970లో ప్రసారం చేసిన జాన్ బోవెన్ నాటకం ‘రాబిన్ రెడ్‌బ్రెస్ట్’లో నగరం నుంచి వచ్చిన ఒక స్త్రీ పల్లెవారి పంటపూజలో చిక్కుకుంటుంది. ఆ ఊరి రహస్యానికి గొంతు ఇచ్చేది నిరక్షరాస్యుడైన ముసలి రైతు కాదు. పాతకాలపు పెంకులు ఏరుకునే చదువరి ఫిషర్.

గంజాం కొండల సాక్ష్యం

ఫ్రేజర్ కేంబ్రిడ్జిలో కూర్చుని రాశాడు, క్షేత్రపర్యటన చేయలేదు. ఆయన ఆధారాలు ప్రాచీన గ్రీకు, లాటిన్ రచనలు, ఐరోపా రైతుల ఆచారాల సంకలనాలు, వాటితోపాటు వలస దేశాలలోని అధికారులు, మిషనరీలు పంపిన నివేదికలు. పంట కోసం నరబలి అన్న అధ్యాయంలో ఆయన విస్తారంగా చర్చించిన ఉదాహరణలలో ఒకటి తెలుగు పరిశోధకులకు భౌగోళికంగా దగ్గరిది: ఖోండుల మెరియా బలి.

గంజాం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తెలుగు, ఒడియా, కుయి భాషలు ఒకదానినొకటి తాకే ఆ కొండసీమలోకి ఈస్టిండియా కంపెనీ సేనలు 1835-37 నాటి గుమ్సూర్ యుద్ధంతో ప్రవేశించాయి. ఆ సందర్భంలోనే మెరియా బలి సమాచారం అధికారులకు చేరింది. దాన్ని అణచడానికి 1845లో మెరియా ఏజెన్సీ ఏర్పడి 1861 వరకు కొనసాగింది. అందులో పనిచేసిన మాక్‌ఫెర్సన్, క్యాంప్‌బెల్‌ల రచనలే ఫ్రేజర్‌కు ఆధారం. భూదేవతకు అర్పించే మనిషిని ముందుగా వెల ఇచ్చి కొనాలి. ఏళ్ల తరబడి ఆదరంగా పోషించాలి. బలి తరువాత మాంసఖండాలను పొలాలలో పాతిపెట్టాలి. రక్తం చిందకపోతే పసుపుకు ఎర్రని నిగ్గు రాదని వారి నమ్మకంగా ఆ నివేదికలు చెబుతాయి.

ఈ సాక్ష్యం అబద్ధమని చెప్పడానికి ఆధారం లేదు. కాని అది ఎవరి సాక్ష్యమన్నది ముఖ్యం. కొండలను ఆక్రమిస్తున్నవారే ఆ కొండవారి క్రూరత్వానికి సాక్షులు. ఫీలిక్స్ పాడెల్ 1995 నాటి గ్రంథంలో ఈ అంశాన్నే లేవనెత్తాడు. బలిని ఆపే పేరిట ఊళ్లను తగులబెట్టిన పాలన తన వంతు నరబలిని గుర్తించలేదని ఆయన వాదన. ‘వికర్ మ్యాన్’కు మూలమైన ప్రతీక విషయంలోనూ ఇదే పరిస్థితి. సన్నని కొమ్మలతో తడిక అల్లినట్లు మనిషి ఆకారం అల్లి, అందులో జీవించి ఉన్న మనుషులను నింపి కాల్చేవారని మొదట ప్రసిద్ధంగా రాసినవాడు జూలియస్ సీజర్. గాల్ ప్రాంతాన్ని జయిస్తూ ఓడిపోతున్నవారి గురించి రాసిన మాట అది. 1676లో ఎయిలెట్ సామ్స్ గ్రంథంలోని చెక్కడపు బొమ్మ దానికి కళ్లకు కట్టే రూపం ఇచ్చింది.

మెరియా కథనం ‘వికర్ మ్యాన్’కు సూటిగా మూలమని చెప్పే అవసరం లేదు. అయితే పంట చెడితే మనిషిని అర్పించాలన్న తర్కాన్ని ఫ్రేజర్ నిర్మించడంలో గంజాం నివేదికలు గట్టి రాళ్లుగా నిలిచాయి. ఆ తర్కమే తిరిగి బ్రిటిష్ దీవుల కథగా తెరకెక్కింది. సామ్రాజ్యం అంచున ‘ఇతరుల’ గురించి రాసుకున్నది చివరకు ఇంటి పెరటిలో ప్రత్యక్షమైంది. బ్రిటిష్ ప్రేక్షకునికి ఈ చిత్రాలు కలిగించే కలవరంలో దీని పాత్ర తక్కువది కాదు.

‘ద వికర్ మ్యాన్’: కల్పితమని తెలిసిన సంప్రదాయం

ఆంథనీ షాఫర్ రాయగా హార్డీ తీసిన ఈ చిత్రం ప్రారంభంలోనే ఒక ప్రకటన కనిపిస్తుంది. తమ మతాచారాలను చూడనిచ్చినందుకు లార్డ్ సమ్మరైల్‌కు, ఆ దీవి ప్రజలకు నిర్మాత కృతజ్ఞతలు చెబుతాడు. దీవీ లేదు, లార్డూ లేడు. ఒక కల్పిత కథ క్షేత్రపరిశోధన వేషం వేసుకుని తెరపైకి వస్తుంది.

తప్పిపోయిన రోవన్ అనే బాలిక కోసం సార్జెంట్ హౌయీ దీవికి వస్తాడు. నిష్ఠగల క్రైస్తవుడు. బడిలో, చావడిలో, శ్మశానంలో ఎక్కడ చూసినా అతనికి అన్యమతమే. కాని లార్డ్ సమ్మరైల్ తన వంశకథ చెప్పినప్పుడు ఆ మతం వయస్సు బయటపడుతుంది. అతని తాత విక్టోరియా కాలపు స్వేచ్ఛాచింతకుడు, వ్యవసాయ శాస్త్రజ్ఞుడు. 1868లో దీవికి వచ్చి, అక్కడి నేలకు తగిన కొత్త పండ్ల రకాలను తయారు చేశాడు. నిరాసక్తులైన జనం చేత పని చేయించడానికి వారి పాత దేవతలను వారికి ‘తిరిగి’ ఇచ్చాడు. తాతకు అది ఉపాయం, తండ్రికి అభిమానం, మనుమడికి పుట్టుకతో వచ్చిన మతం. మూడు తరాలలో ఉపాయం సనాతన ధర్మమైంది. తరతరాల ఆచారమని ప్రేక్షకుడు భయపడుతున్నది చిత్రం విడుదల నాటికి 105 ఏళ్ల వయసుది.

హౌయీ పతనంలోనూ పుస్తకం పాత్ర ఉంది. బాలికను బలి ఇవ్వబోతున్నారన్న అనుమానంతో అతడు దీవి గ్రంథాలయానికి వెళ్లి మే నెల పండుగల గురించి చదువుతాడు. ఊరేగింపులోని వేషాలు, చివరి బలి అందులో వివరంగా ఉన్నాయి. ఆ జ్ఞానంతోనే అతడు విదూషకుని వేషం వేసుకుని ఊరేగింపులో చొరబడతాడు. దీవివారికి కావలసింది సరిగ్గా అదే: తనంతట తాను నడిచివచ్చే విదూషకుడు. జానపద గ్రంథాన్ని యథార్థమని నమ్మిన పాఠకుడు ఆ గ్రంథంలోని పాత్రగా మారి ఆహుతి అవుతాడు.

చివరి సన్నివేశంలో కాలుతున్న బొమ్మ లోపల హౌయీ బైబిలులోని 23వ కీర్తన అందుకుంటాడు. బయట జనం వసంతాన్ని ఆహ్వానించే మధ్యయుగపు ఆంగ్ల గీతాన్ని పాడతారు. చిత్రం దాన్ని అన్యమత గీతంగా వినిపిస్తుంది. చరిత్రలో ఆ పాటను కాపాడింది రెడింగ్ క్రైస్తవ మఠంతో ముడిపడిన 13వ శతాబ్ది రాతప్రతి. అదే వరుసకు అందులో లాటిన్ క్రైస్తవ సాహిత్యం కూడా రాసి ఉంది. ‘ప్రాచీనం’, ‘క్రైస్తవం’ అని రెండుగా చీల్చిన పాటలు ఒకే పుటపై పక్కపక్కన నివసించినవి.

ఈ చిత్రం తీసిన పరిస్థితులూ గమనార్హం. కథలో మే నెల. చిత్రీకరణ జరిగింది 1972 అక్టోబరు, నవంబరు నెలలలో, స్కాట్లండులో. చెట్లకు కృత్రిమ పూలు అతికించారు. నోటి ఆవిరి కనబడకుండా నటులు మంచు ముక్కలు చప్పరించారు. పాల్ జియోవానీ కూర్చిన పాటలలో అనేకం పాత బాణీల పోలికతో కొత్తగా అల్లినవి. క్రిస్టఫర్ లీ పారితోషికం లేకుండా నటించాడు. బ్రిటిష్ లయన్ సంస్థ చేతులు మారిన సమయంలో కొత్త యాజమాన్యం చిత్రంపై ఆసక్తి చూపలేదు. సుమారు 100 నిమిషాల చిత్రాన్ని 87 నిమిషాలకు కత్తిరించి, 1973 డిసెంబరులో ‘డోంట్ లుక్ నౌ’ చిత్రానికి జంటగా విడుదల చేశారు. పూర్తి నెగటివ్ ఒక రహదారి అడుగున పూడిపోయిందన్న వదంతి ఏళ్ల తరబడి ప్రచారంలో ఉండేది. సంప్రదాయాలను కల్పించే కథ చెప్పిన చిత్రం తానూ ఒక ఐతిహ్యమైంది. దొరికిన ప్రతుల సాయంతో 2013లో పునరుద్ధరించిన రూపం విడుదలైంది.

భయానక రసదృష్టి

నాట్యశాస్త్రం భయానక రసానికి చెప్పిన విభావాలు వికృత ధ్వనులు, భూతదర్శనం, నక్కలు, గుడ్లగూబలు పుట్టించే బెదురు, శూన్యగృహం, అరణ్యం, ఆత్మీయుల వధబంధనాలను చూడడం, వినడం. హామర్ చిత్రాలకు ఈ పట్టిక చక్కగా సరిపోతుంది. ‘వికర్ మ్యాన్’కు చాలావరకు సరిపోదు. అందులో చీకటి తక్కువ. ఎండ, సముద్రం, పిల్లల ఆటలు, మిఠాయిలు, పాటలు ఎక్కువ. శూన్యగృహం బదులు కిక్కిరిసిన చావడి ఉంది. ఉత్సవానికి ఉద్దీపనాలు కావలసినవే భయానికి ఉద్దీపనాలవుతాయి.

దీనికి కారణం అనుభవించే హృదయాలు రెండుగా విడిపోవడం. ఊరివారిలో స్థాయి ఉత్సాహం, హౌయీలో భయం. ఒకే క్రియ ఒకరికి పండుగ, మరొకరికి మరణం. ప్రేక్షకుడు పాట వింటూ కాసేపు ఊరివారితో కాలు కదుపుతాడు. ఆ కదలిక దేనికి దారి తీసిందో తెలిసినప్పుడు అతనికి కలిగేది కేవల భయం కాదు. తన సమ్మతిపై తనకే కలిగిన జుగుప్స. మానసిక భయానకం, జానపద భయానకం కలిసే చోటు ఇదే. రెండింటిలోనూ అసలు వస్తువు సందేహం లేని మనస్సు. ఆ నిశ్చయం ఊరంతటిదైతే జానపద భయానకం, ఒక్కరిదైతే మానసిక భయానకం. హౌయీ సైతం తన విశ్వాసంలో నిస్సందేహి. చిత్రం అతణ్ని మెచ్చుకోదు, వెక్కిరించదు.

21వ శతాబ్ది కొనసాగింపు

2010 తరువాతి స్వతంత్ర దర్శకులు ఈ వారసత్వాన్ని స్పృహతో స్వీకరించారు. బెన్ వీట్లీ ‘కిల్ లిస్ట్’ (2011) ఇంటి ఖర్చుల గురించి భార్యాభర్తల గొడవతో మొదలై, గడ్డి ముసుగులవారి పూజతో ముగుస్తుంది. మాజీ సైనికుడైన జే కిరాయి హంతకుడు. తన చేత చచ్చేవారు తనకు కృతజ్ఞతలు ఎందుకు చెబుతున్నారో అతనికి తెలియదు. అదే దర్శకుడు ఏమీ జంప్ రచనతో తీసిన ‘ఎ ఫీల్డ్ ఇన్ ఇంగ్లండ్’ (2013) నలుపు తెలుపు చిత్రం. అంతర్యుద్ధం నుంచి పారిపోయినవారి కథను 12 రోజులలో చిత్రీకరించారు. 2013 జూలై 5న థియేటర్లు, ఉచిత టెలివిజన్, డీవీడీ, ఇంటర్నెట్ అన్నింటిలో ఒకే రోజు విడుదల చేశారు. ఒక్క పొలం, కొందరు నటులు చాలునన్న టైగాన్ నాటి పాఠం ఇక్కడ పంపిణీ పద్ధతిలోనూ కొత్తదనానికి దారి తీసింది.

రోజ్ గ్లాస్ ‘సెయింట్ మోడ్’ (2019) సముద్రతీర పట్టణం స్కార్‌బరోలో మరణశయ్యపై ఉన్న రోగిని చూసుకునే నర్సు కథ. ఆమె మతానికి ఆమె ఒక్కతే అనుచరురాలు. హౌయీని ఊరు కాల్చింది. మోడ్ తనను తానే కాల్చుకుంటుంది. చివరి క్షణంలో దేవదూత దృశ్యం చెదిరి, కాలుతున్న శరీరం తళుక్కున కనబడుతుంది. ఊరు లేకపోయినా నిశ్చయం అదే పని చేసింది.

మార్క్ జెన్కిన్ ‘ఎనిస్ మెన్’ (2022) వీటికన్నా సూక్ష్మమైనది. కథాకాలం 1973. కార్నిష్ భాషలో ‘రాతి దీవి’ అని అర్థమిచ్చే నిర్జన ద్వీపంలో ఒక స్త్రీ అరుదైన పువ్వును రోజూ పరిశీలించి, మార్పు లేదని పుస్తకంలో నమోదు చేస్తుంది. 16 ఎంఎం ఫిల్ముపై తీసి, శబ్దాన్ని తరువాత జోడించిన ఈ చిత్రంలో తగరపు గని కార్మికులు, గని పని చేసిన స్త్రీలు, సముద్రంలో పోయినవారు తిరిగి కనిపిస్తారు. వారు దేవతలు కారు, దయ్యాలు కూడా కాకపోవచ్చు. మూతపడ్డ గనుల ప్రాంతపు శ్రమచరిత్ర. వెల్ష్ భాషలో లీ హేవెన్ జోన్స్ తీసిన ‘గ్వ్లెద్’ (2021) భూమిని తవ్వకానికి అమ్ముకున్నవారి విందు కథ. రెమీ వీక్స్ ‘హిజ్ హౌస్’ (2020) దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన శరణార్థి దంపతులను ఇంగ్లండులోని ప్రభుత్వ గృహంలో నిలిపి, ఈ నేల ‘జనం’ ఎవరన్న ప్రశ్నను పైకి తెస్తుంది. వారిని వెంటాడే ఆత్మ వారితోపాటు వచ్చినది. వారిని అనుమానంగా చూసే వీధి ఆ నేలదే.

ఉపసంహారం

బ్రిటిష్ జానపద భయానక చిత్రాల ఆకర్షణ ప్రాచీన రహస్యాల పట్ల మోజుగా మాత్రమే చూస్తే వాటిలోని విమర్శ కనబడదు. హాప్కిన్స్‌కు చట్టం, సమ్మరైల్‌కు వంశకథ, ఫిషర్‌కు పాండిత్యం ఆయుధాలు. ముగ్గురూ చదువుకున్నవారే. ఆచారాన్ని ఆచరించే చేతులు జనానివి కావచ్చు. దాన్ని ‘అనాది’ అని ప్రకటించే నోరు సాధారణంగా జనానిది కాదు. చిన్న సంస్థలు, తక్కువ పెట్టుబడి ఈ విమర్శకు చోటిచ్చాయి. పల్లెను అందమైన పటంగా చూపే బాధ్యత ఆ చిత్రాలపై లేదు.

జానపద విజ్ఞాన పరిశోధనకు ఇందులో సూటి హెచ్చరిక ఉంది. గంజాం కొండలలో ఒక అధికారి రాసుకున్న నివేదిక కేంబ్రిడ్జిలో సిద్ధాంతంలో చేరి, ఆ సిద్ధాంతం స్కాట్లండు తీరంలో చలనచిత్రమై, ఆ చిత్రం చూసినవారికి ‘పూర్వికుల మతం’గా మారింది. ఈ ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ ఒక విద్వాంసుడు ఉన్నాడు. ఎక్కడా ఖోండు మనిషి గొంతు వినబడలేదు. ఆచారాన్ని సేకరించేవారు దాని వయస్సును నిర్ణయించేటప్పుడు, ఎవరు చెప్పగా రాశారు, ఆ చెప్పినవారికి అందులో ఏ ప్రయోజనం ఉంది అన్న రెండు ప్రశ్నలను విడవరాదు.

చిత్రాంతంలో హౌయీ మంటకు ముందు లార్డ్ సమ్మరైల్‌తో ఒక మాట అంటాడు. వచ్చే ఏడు కూడా పంట చెడుతుందని, అప్పుడు జనం కోరే బలి లార్డేనని. లార్డ్ ముఖంలో ఒక్క క్షణం నీడ కదులుతుంది. తాత ఉపాయంగా నాటిన ఆచారం తనను ఉపాయమని గుర్తుపెట్టుకోదు. దాన్ని కల్పించినవారి మనుమడు సైతం దానికి ఆహారమే.